లిమరిక్‌లో అప్పగింత

కొవిడ్ ఆంక్షలు తొలగి విమానాలు మళ్లీ మామూలుగా తిరగడం మొదలైన మరుసటి ఏడాది, ఫిబ్రవరిలో, నన్ను ఐర్లండ్‌కు ఎస్కార్ట్ డ్యూటీ మీద పంపారు. అప్పుడు నేను మస్కట్‌లోని ఘుబ్రాలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో, మగవాళ్ల మెడికల్ వార్డుకు ఇన్‌ఛార్జి సిస్టర్‌ని. ఇన్‌ఛార్జి అంటే స్టాఫ్ నర్సులకు పైన, నర్సింగ్ సూపర్‌వైజర్‌కు కింద. వార్డులో ఏం జరిగినా రెండువైపుల నుంచీ మాట పడే కుర్చీ అది.

ఎస్కార్ట్ డ్యూటీ గురించి బయటివాళ్లకు అంతగా తెలియదు. గల్ఫ్‌లో పనిచేసే మనిషికి జబ్బు ముదిరి, ఇక సొంత దేశం చేర్చడమే మంచిదని డాక్టర్లు అనుకుంటే, అతన్ని ఒంటరిగా విమానం ఎక్కించరు. వెంట ఒక నర్సునో డాక్టర్నో పంపుతారు. రోగి ప్రయాణం తట్టుకోగలడని వైద్యం చేసిన డాక్టరు రాసివ్వాలి. ఎయిర్‌లైన్ డాక్టరు అది చూసి ఒప్పుకోవాలి. ఆక్సిజన్, మందులు, సిరింజి పంపు అన్నీ నర్సు పూచీ. సిరింజి పంపు అంటే నొప్పి మందును కొద్దికొద్దిగా చర్మం కిందికి ఎక్కిస్తూ ఉండే చిన్న యంత్రం. అందులో మార్ఫిన్ ఉంటే దేశం దాటించడానికి వేరే అనుమతులు కావాలి. అవతలి ఆస్పత్రి నర్సుకు రోగిని అప్పగించి సంతకం తీసుకున్నాకే డ్యూటీ అయిపోయినట్టు. అప్పటికే కొచ్చి, మనీలా, కైరో, ఢాకా వెళ్లి వచ్చాను. ఐర్లండ్ వెళ్లడం మాత్రం అదే మొదలు, అదే చివర.

రోగి పేరు డోనల్. డెబ్బై దాటిన ఐరిష్ ఇంజనీరు. వాదీల్లో, అంటే ఎప్పుడూ ఎండి ఉండే అక్కడి వాగుల్లో, వరద వచ్చినప్పుడు ఊళ్లు కొట్టుకుపోకుండా అడ్డుగోడలు, చిన్న డ్యాములు కట్టే కంపెనీలో యౌవనం నుంచీ పనిచేశాడు. రిటైరయ్యాక కూడా సలహాదారుగా అక్కడే ఉండిపోయాడు. పెళ్లి చేసుకోలేదు. క్లోమంలో మొదలైన కాన్సర్ లివర్‌కు పాకిన తర్వాత మా వార్డుకు వచ్చాడు. ఒళ్లంతా పసుపుపచ్చగా మారినా పొద్దున్నే గడ్డం గీయించుకోనిదే పలకరింపులకు ఒప్పుకునేవాడు కాదు.

అతన్ని చూడటానికి రోజూ వచ్చేది ఒక్క మనిషే, గంగారాం. జగిత్యాల వైపు పల్లెవాడు. చాలా ఏళ్లుగా డోనల్‌కు డ్రైవరు. ఘాలాలో కంపెనీ క్యాంపులో రూమ్. అల్ అమెరాత్ సైట్‌లో డ్యూటీ దిగి, స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చేవాడు.

"సిస్టరమ్మా, సార్ ఇయ్యాల ఏమన్న తిన్నడా?"

"రెండు చెంచాలు సూప్ తాగారు."

"గంతేనా?" అని తల వంచుకుని లోపలికి వెళ్లేవాడు. ఇద్దరూ హిందీలో మాట్లాడుకునేవారు. మధ్యలో డోనల్ "ఆగు", "పోదాం" అని తెలుగు మాటలు వేసేవాడు. కారులో ఇన్నేళ్లు కలిసి తిరిగి నేర్చుకున్న తెలుగు అంత వరకే.

ఇక చేయగలిగింది లేదని డాక్టరు చెప్పిన రోజు నేను మంచం పక్కనే ఉన్నాను. డోనల్ ఎంతకాలం బతుకుతానని అడగలేదు. విమానం ఎక్కడానికి ఎంతకాలం వీలుంటుందని అడిగాడు. ఆలస్యం చేస్తే కష్టమన్నారు డాక్టరు.

"లిమరిక్‌లో మా చెల్లెలు నోరీన్ ఉంది. ఆమెకు ఒక సంగతి చెప్పాలి. ఫోన్‌లో చెప్పేది కాదు," అన్నాడు.

లిమరిక్ అతని ఊరు. ఐర్లండ్ పడమటి వైపున, షానన్ నది ఒడ్డున. అక్కడి హాస్పిస్‌లో, అంటే చివరి రోజుల్లో ఉన్నవాళ్లను నొప్పి లేకుండా చూసుకునే ఆస్పత్రిలో, మంచం ఖాళీ ఉందన్న కబురు రాగానే కాగితాలు కదిలాయి. బయల్దేరిన రోజు గంగారాం అంబులెన్స్ వెనకాలే కారు నడుపుకుంటూ ఎయిర్‌పోర్టుకు వచ్చాడు. చెక్-ఇన్ దాటి రావడానికి అతనికి వీల్లేదు. వీల్‌చైర్ దగ్గర వంగి డోనల్ కాళ్లకు దండం పెట్టాడు. డోనల్ కంగారుపడి, ఆక్సిజన్ గొట్టం లాగేసుకునేంత ముందుకు వంగి, అతన్ని భుజం పట్టి లేపాడు.

"పోయిరాండ్రి సార్," అన్నాడు గంగారాం. మా వైపు ఎవరినైనా సాగనంపేటప్పుడు కూడా వెళ్లిరండనే అంటాం. తిరిగిరాని మనిషికి ఆ మాట చెప్పడం అదే మొదటిసారి విన్నాను. ఇంకేం అనగలడు?

విమానంలో అతనికి పూర్తిగా వాలే సీటు, పక్కన నేను. నాడి, ఆక్సిజన్, పంపు సూచీ క్రమం తప్పకుండా చూస్తూ రాసుకోవడం నా పని. మేఘాల పైకి చేరాక, నిద్రపోయాడనుకున్న మనిషి కళ్లు తెరిచి మాట్లాడాడు. చెల్లెలికి చెప్పాల్సిన సంగతి ఏమిటో నాకు అప్పుడు తెలిసింది.

వాళ్లమ్మ చాలాకాలం మంచాన పడి పోయింది. చూసుకున్నది నోరీన్ ఒక్కతే. కబురు అందాక డోనల్ వస్తున్నానని చెప్పాడు. అతని కోసం ఖననం వాయిదా వేశారు. అతను వెళ్లలేదు. సైట్‌లో వరద వచ్చింది, కదలలేకపోయాను అని చెల్లెలికి చెప్పాడు.

"వరదా లేదు, ఏమీ లేదు," అన్నాడు నాతో. "టికెట్ కొన్నాను. గంగారాం ఎయిర్‌పోర్టుకు తీసుకెళ్లాడు. కారు దిగలేకపోయాను. అమ్మ బతికుండగా ప్రతి క్రిస్మస్‌కూ వస్తానని చెప్పి మానేసినవాడిని. ఇప్పుడు ఏ మొహంతో వెళ్లి శవపేటిక ముందు నిలబడాలి? విమానం వెళ్లిపోయేదాకా కారులోనే కూర్చున్నాం. తర్వాత వెనక్కి తీసుకెళ్లమన్నాను."

రోగి చెప్పే మాటలకు జవాబు చెప్పడం మా పని కాదు, వినడమే. విన్నాను. పంపు సూచీ చూసి, దుప్పటి సర్ది, నిద్రపొమ్మన్నాను.

డబ్లిన్‌లో దిగేసరికి సన్నటి వాన. అక్కడి నుంచి అంబులెన్స్‌లో లిమరిక్ చేరేసరికి సాయంత్రమైంది. హాస్పిస్‌లో అప్పగింత తీసుకున్న నర్సు కొట్టాయం అమ్మాయి. నా బ్యాడ్జి మీద పేరు చూసి "చేచీ" అంది, అంటే మలయాళంలో అక్కా అని. మందుల లెక్క, చర్మం స్థితి, ఆఖరిసారి మూత్రం పోసిన సమయం అన్నీ చెప్పాను. సంతకం పెట్టింది. నా డ్యూటీ అయిపోయింది. తిరుగు విమానం ఆదివారం. ఇది గురువారం.

నోరీన్ వరండాలో నిలబడి ఉంది. అరవై దాటిన పొడుగాటి మనిషి, పోస్టాఫీసులో పనిచేసి రిటైరైంది. తడిసిన కోటు కూడా విప్పలేదు. ఆస్పత్రివాళ్లు అడిగిన చోటల్లా సంతకాలు పెట్టింది. నాకు చేయి అందించి, ఇంత దూరం తీసుకొచ్చినందుకు థాంక్స్ చెప్పింది. అన్న గది తలుపు దాకా వచ్చి, లోపలికి తొంగి చూసి, "అలిసిపోయినట్టున్నాడు. రేపు వస్తాను," అని వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున డోనల్‌ను చూడటానికి వెళ్లాను. డ్యూటీ కాకపోయినా కాళ్లు అటే నడిచాయి. గడ్డం గీయించుకుని ఉన్నాడు.

"నోరీన్ కింద కారులో కూర్చుని ఉంది. కిటికీలోంచి కనిపిస్తోంది," అన్నాడు. "పైకి రాదు. మీరు వెళ్లి ఊరు చూపించమని అడగండి, సిస్టర్. పరాయి ఊరి నుంచి వచ్చిన మనిషిని కాదనదు, మా అమ్మ పెంపకం అలాంటిది. అన్నీ చూసి రండి. సాయంత్రం నాకు చెప్పాలి కదా, అప్పుడు మీ వెంట ఆమె కూడా రావచ్చు."

అలా మొదలైంది నేను లిమరిక్ చూడటం. అడగ్గానే నోరీన్ ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, కారు తలుపు తీసింది. నా స్వెట్టర్ ఆ చలికి ఆగదని ఇంటికి తీసుకెళ్లి తన పాత కోటు ఇచ్చింది. దాని చేతులు నా వేళ్లు దాటి వేలాడాయి.

ముందు నది దగ్గరికి తీసుకెళ్లింది. మాది నరసాపురం, వశిష్ట గోదావరి సముద్రంలో కలిసేచోటికి దగ్గర. పోటు, పాటు చూస్తూ పెరిగినదాన్ని. షానన్‌కు కూడా అక్కడ పోటూ పాటూ ఉన్నాయని చూడగానే తెలిసిపోయింది. నీరు తీసిన సమయం అది. కోటకు ఎదురుగా నది మధ్యలో నల్లని రాళ్లు బయటపడి, వాటి మీంచి నీరు హోరుమంటూ దూకుతోంది. పోటు వస్తే ఆ రాళ్లు, ఆ హోరు రెండూ ఉండవని, సాయంత్రం చూస్తే చెరువులా ఉంటుందని నోరీన్ చెప్పింది. మెట్ల దగ్గర హంసలు గుంపుగా ఉన్నాయి. ఒక పెద్దాయన వాటికి రొట్టె వేస్తూ, మొన్నటి రగ్బీ ఆట గురించి మమ్మల్నిద్దరినీ కలిపి నిలదీశాడు. ఆ ఊళ్లో రగ్బీ గురించి అభిప్రాయం లేని మనిషి ఉంటాడని ఆయన ఊహించినట్టు లేదు.

"మా నాన్న ఇక్కడే చేపలు పట్టేవాడు," అంది నోరీన్. అడుగు బల్లపరుపుగా ఉండే పొడుగాటి చెక్కపడవ, ఈ నదికే ప్రత్యేకమట. "డోనల్‌ను ముందు కూర్చోబెట్టుకునేవాడు. నేను ఒడ్డున ఏడుస్తూ ఉండేదాన్ని, నన్ను ఎక్కించుకోలేదని."

కోట ఇంగ్లండు రాజు జాన్ పేరు మీద ఉంది. గుండ్రటి బురుజులు నీళ్లలోంచి లేచినట్టుంటాయి. వంతెన దాటితే అవతలి ఒడ్డున దిమ్మె మీద ఒక సున్నపురాయి బండ. పూర్వం ముట్టడిలో ఓడిన ఐరిష్ వాళ్లు గెలిచిన ఇంగ్లీషు వాళ్లతో ఈ రాయి మీదే ఒప్పందం మీద సంతకాలు చేశారని చెప్పుకుంటారు. ఐరిష్ కాథలిక్కుల హక్కులు కాపాడతామని అందులో రాశారు. ఆ మాట నిలబెట్టుకోలేదు. అందుకే ఈ ఊరికి మాట తప్పిన ఒప్పందం ఊరు అని పేరు. నోరీన్ ఇదంతా బళ్లో పాఠం అప్పజెప్పినట్టు చెప్పి, అదే గొంతుతో అంది:

"అమ్మ శవపేటికను రెండు రోజులు ఎక్కువ ఉంచాం. వస్తానన్నాడని. జనం వచ్చి వచ్చి వెళ్లిపోయారు. మూడో రోజు ఫాదర్ ఇక కుదరదన్నారు. వరద అన్నాడు. ఒమన్‌లో ఆ వారం వాన పడిందో లేదో తెలుసుకోవడం పోస్టాఫీసులో పనిచేసేదానికి కష్టమా?"

అంటే ఆమెకు అబద్ధమని ఎప్పుడో తెలుసు. తెలియనిది ఒక్కటే, అసలు కారణం. అది నాకు తెలుసు. కానీ చెప్పాల్సింది నేను కాదు. రోగి మాట నర్సు దగ్గర ఆగిపోవాలి. పైగా ఆ మాట స్వయంగా చెప్పడానికే అతను అన్ని సముద్రాలు దాటి వచ్చాడు. ఆ బండ చుట్టూ ఇంకోసారి తిరిగాను.

తర్వాత పెద్ద చర్చికి వెళ్లాం. ఎనిమిది వందల ఏళ్ల పైమాట ఆ కట్టడం. నేను ప్రొటెస్టెంట్ క్రిస్టియన్‌నని దారిలో చెప్పాను. "ఇది మీ ప్రొటెస్టెంట్ వాళ్లది, మాది కాదు," అని గుమ్మం దగ్గర నవ్వింది, నేను వచ్చాక అదే మొదటిసారి. లోపల పాటలు పాడేవాళ్లు కూర్చునే నల్లని ఓక్ సీట్లు. సీటును పైకి మడిస్తే అడుగున చిన్న చెక్క అంచు ఉంటుంది. గంటల తరబడి నిలబడి ప్రార్థన చేసేవాళ్లు దానికి ఆనుకునేవారట. ఆ అంచుల కింద జంతువుల బొమ్మలు చెక్కారు. రెక్కల పాములు, కొమ్ముల మేక, ఒకదాన్నొకటి మింగే మృగాలు. నోరీన్ చిన్నప్పుడు కాథలిక్కులు ఈ గుళ్లోకి అడుగు పెట్టకూడదట. డోనల్ దొంగతనంగా వచ్చి ఈ బొమ్మలు చూసి, ఇంటికెళ్లి చెల్లెలికి బొగ్గుతో గీసి చూపించేవాడు. వాళ్లమ్మ గోడ కడగలేక తిట్టేదట. చెబుతూ చెబుతూ నోరీన్ ఒక సీటు మడిచి, ఆ మేక కొమ్మును బొటనవేలితో చాలాసేపు రుద్దింది.

మధ్యాహ్నం ఆమె ఇంట్లో టీ, గోధుమరంగు రొట్టె, వెన్న. బల్ల మీద వాళ్లమ్మ చేసిన లేసు గుడ్డ పరిచి ఉంది. మా అమ్మ నరసాపురంలో ఇంట్లో కూర్చుని లేసు అల్లి మమ్మల్ని చదివించింది, అందుకని ఆ గుడ్డ అంచు ఎత్తి చూశాను. మాది కొక్కేంతో దారాన్ని అల్లుకుపోయేది. వాళ్లది సన్నని వల గుడ్డ మీద దారంతో పువ్వులు కుట్టేది. ఆ తేడా చెబితే నోరీన్ కుర్చీ దగ్గరికి లాక్కుంది. వాళ్లమ్మ చూపు పోయాక కూడా వేళ్లతో తడిమి కుట్టేదట. ఆ మంచం, ఆ దుప్పట్లు, ఆ అన్నం తినిపించడాలు అన్నీ చెప్పింది. పెళ్లి మాట ఒకటి వచ్చి పోయిందని కూడా. ఎవరిమీదా నింద వేస్తున్నట్టు చెప్పలేదు. అలా చెప్పి ఉంటే నాకు వినడం తేలికయ్యేది.

సాయంత్రం డోనల్‌కు అన్నీ వివరించాను. నీరు తీసి ఉందా, పోటు మీద ఉందా అని ముందు అదే అడిగాడు. మేక ఇంకా ఉందా అన్నాడు. హంసల దగ్గర రగ్బీ పెద్దాయన సంగతి చెబితే నవ్వబోయి దగ్గాడు. ఆ తర్వాత తలుపు వైపు చూశాడు.

"నోరీన్ రాలేదా?"

"కారు పెడుతున్నారు," అన్నాను. నిజమే, కారు పెట్టింది. కానీ అందులోంచి దిగలేదు. నేను కిందికి వెళ్లేసరికి స్టీరింగ్ పట్టుకుని అలాగే కూర్చుని ఉంది.

శనివారం పొద్దున్నే డోనల్‌ను చూసినప్పుడు నాకు అనుమానం వచ్చింది. ఊపిరి నాలుగైదుసార్లు గబగబా తీసుకుని, ఆగి, మళ్లీ మొదలవుతోంది. అరికాళ్లలో మచ్చలు పడుతున్నాయి. పలకరిస్తే కళ్లు తెరిచాడు గానీ నన్ను గంగారాం అనుకున్నాడు. "ఆగు," అన్నాడు తెలుగులో. కొట్టాయం అమ్మాయి, నేను ఒకరినొకరు చూసుకున్నాం. ఆమె ఫోన్ చేస్తే నోరీన్ ఎత్తలేదు. శనివారాల సంతకు వెళ్లి ఉంటుందని నాకు తెలుసు. ముందురోజే నన్ను అక్కడికి రమ్మంది.

పాలసంత అంటారు దాన్ని. పైన తెల్లటి గుడారంలాంటి కప్పు, కింద జున్ను ముద్దలు, రొట్టెలు, చేపలు, పూలు, ఫిడేలు వాయించే ముసలాయన. ఊరు ఊరంతా అక్కడ ఉన్నట్టుంది. నోరీన్ మాంసం కొట్టు ముందు నిలబడి, పందినెత్తురుతో చేసే నల్ల సాసేజీలు ఏరుతోంది.

"వాడికి ఇదంటే ప్రాణం," అంది. "పొద్దున లేచి అనుకున్నాను, ఇవాళ వండి తీసుకెళ్తాను. ఖాళీ చేతులతో ఎలా వెళ్లను? తింటూ ఉంటే మాట్లాడుకోవచ్చు."

"నోరీన్ గారూ, ఆయన ఇక మింగలేరు," అన్నాను. "నేను ఈ పనిలోనే ముసలిదాన్ని అయ్యాను. ఊపిరి మారింది. ఇప్పుడే వెళ్దాం. ఇంటికి కూడా వద్దు."

కొట్టువాడు పొట్లం కట్టి చాచిన చేయి అలాగే ఉంది. "రేపు?" అంది ఆమె, అర్థం కానట్టు.

"రేపు మాట్లాడలేకపోవచ్చు."

ఆ పొట్లం అందుకోవడం కూడా మర్చిపోయింది. కారు వైపు ఇద్దరం పరుగులాంటి నడక నడిచాం. సంత రోజు కావడంతో వీధులన్నీ కార్లతో నిండి, వంతెన దగ్గర ఆగిపోయాం. కింద నదిలో నీరు ఇంకా తీయలేదు. రాళ్లూ లేవు, హోరూ లేదు.

మేం వెళ్లేసరికి డోనల్ స్పృహలో లేడు. నోరీన్ ఈసారి గుమ్మం దగ్గర ఆగలేదు. సరాసరి వెళ్లి మంచం మీద కూర్చుని అతని చేయి పట్టుకుంది. "డోనల్, నేను వచ్చాను," అంది. వినికిడి చివరిదాకా ఉంటుందని మేం బంధువులకు చెబుతాం. అది ఎంతవరకు నిజమో రుజువు చేసినవాళ్లు నాకు తెలియదు. ఆమెకు కూడా అదే చెప్పాను. అప్పటి నుంచి ఆమె మాట్లాడుతూనే ఉంది. నాన్న పడవ, మేక బొమ్మ, గోడ మీద బొగ్గు గీతలు. అమ్మ సంగతి మాత్రం ఎత్తలేదు. ఆదివారం పొద్దున, ఊళ్లోని గుళ్ల గంటలు మోగుతుండగా డోనల్ ఊపిరి ఆగిపోయింది. చెప్పాలనుకున్న మాట చెప్పలేదు.

నా టికెట్ ఆ రోజుకే. సూపర్‌వైజర్‌కు ఫోన్ చేస్తే, ఆమె ఒక్కమాట అడగకుండా టికెట్ మార్పించింది.

అక్కడ శవాన్ని ఇంటికి తెస్తారు. మూత తెరిచిన పేటికను ముందుగదిలో ఉంచితే ఊరివాళ్లు వరసలో వచ్చి, చనిపోయిన మనిషిని చూసి, ఇంట్లోవాళ్లకు చేయి అందించి, "మీకు వచ్చిన కష్టానికి విచారిస్తున్నాం," అని ఒకే మాట చెప్పి వంటింట్లోకి వెళ్తారు. అక్కడ టీ, రొట్టె ముక్కలు, చిన్న గొంతుతో కబుర్లు. కొందరు నవ్వుకుంటారు కూడా, దాన్ని ఎవరూ తప్పుపట్టరు. నోరీన్ నన్ను వంటింట్లో ఉండనివ్వలేదు. "వాడిని తీసుకొచ్చింది నువ్వు. ఇక్కడ నిలబడు," అని తన పక్కన నిలబెట్టింది. ఆ పొడుగు చేతుల కోటుతోనే నిలబడ్డాను. ముక్కూమొహం తెలియని వందలమంది నా చేయి పట్టుకుని విచారం చెప్పారు. ఒమన్‌లో ఇన్నేళ్లలో ఎందరినో సాగనంపాను, నాకెవరూ విచారం చెప్పలేదు. అది నర్సుకు చెప్పే మాట కాదు కదా. ఆ రోజు అవతలి గదిలోకి వెళ్లి ఏడ్చాను.

జనం పలచబడ్డాక నోరీన్ అడిగింది. "విమానంలో అమ్మ గురించి ఏమైనా అన్నాడా?"

ఇప్పుడు ఆ మాట దాచడం వల్ల కాపాడబడే రోగి లేడు. అతను ఎవరికి చెప్పాలనుకున్నాడో ఆ మనిషే అడుగుతోంది. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. టికెట్ కొన్నాడని, ఎయిర్‌పోర్టు దాకా వచ్చాడని, కారు దిగలేకపోయాడని.

నోరీన్ పేటికలోని అన్న మొహం వైపు తిరిగింది. తేలికపడుతుందనుకున్నాను. పడలేదు.

"రాలేదని ఇన్నేళ్లు కోపంగా ఉన్నాను. అది నాకు అలవాటైపోయింది," అంది. "ఎయిర్‌పోర్టులో కూర్చున్నాడని తెలిస్తే నేనే ఫోన్ చేసి తిట్టి రప్పించేదాన్ని. వీడు గురువారం నుంచి ఇక్కడే ఉన్నాడు. నేను కింద కారులో కూర్చున్నాను."

మస్కట్ చేరాక వచ్చిన శుక్రవారం ఘాలా వెళ్లాను. క్యాంపు బయట కంపెనీ బస్సులు ఆగి ఉన్నాయి. గంగారాం నాకోసం కుర్చీ తెచ్చి వేసి, తను గట్టు మీద కూర్చున్నాడు. చావు కబురు ఫోన్‌లోనే చెప్పాను. అతను అడిగింది వేరే.

"చెల్లెతోని మాట్లాడిండా సిస్టరమ్మా?"

"లేదు. ఆమె వచ్చేసరికి తెలివి లేదు."

"గా దినం నేను గూడ కార్లనే ఉన్న. సార్ ఏడుస్తుండు. దిగుండ్రి సార్, పోదాం, నేను లోపటిదాంక వస్తా అని అందామనుకున్న. డ్రైవర్‌ను, నేనెట్ల అంట?" మళ్లీ తనే అడిగాడు, "గా ఊరు మంచిగున్నదా?"

చెప్పాను. నది, కోట, హంసలు, సంత. అంత్యక్రియలకు ఎంతమంది వచ్చారో చెబితే మాత్రం తల ఎత్తి, "అంతమంది అచ్చిన్రా!" అన్నాడు. తన సార్‌కు తను తప్ప ఎవరూ లేరని అనుకున్న మనిషి.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఇంకొన్ని ఎస్కార్ట్‌లు చేశాను. మా విధానంలో రోగి గుండె, ఊపిరి, మందులు, కాగితాలు అన్నీ తనిఖీ చేస్తారు. అవతల అతన్ని అందుకునే మనిషి ఎలాంటి స్థితిలో ఉన్నారని ఎవరూ అడగరు. లిమరిక్ తర్వాత నేను అడగడం మొదలుపెట్టాను. బయల్దేరే ముందే ఆ మనిషికి నేనే ఫోన్ చేసి, మాట్లాడాల్సినవి ఏమైనా ఉంటే ఇప్పుడే మాట్లాడండి, మేం చేరేదాకా ఆగకండి అని చెప్పేదాన్ని. సూపర్‌వైజర్‌కు ఇది నా పరిధి కాదనిపించింది, అయినా వద్దనలేదు. కొందరు విసుక్కున్నారు. మనీలాలో ఒక కొడుకు నా మాట పూర్తికాకుండానే ఫోన్ పెట్టేశాడు. మేం బయల్దేరాల్సిన రోజుకు ముందే అతను మస్కట్‌లో దిగి, సూట్‌కేసుతో నేరుగా వార్డుకు వచ్చి, తండ్రి మంచం ఎక్కడని నన్నే అడిగాడు.